పుటకో చిరునామా: డీస్పేస్‌లో పాత మాసపత్రిక సంచికలు సర్దుతున్న ప్రాజెక్టు డైరీ

పని పరిధి

1920, 30ల నాటి ఒక తెలుగు సాహిత్య మాసపత్రిక. ఏడాదికొకటి చొప్పున 12 బైండు సంపుటాలు. లెక్క ప్రకారం 144 సంచికలు ఉండాలి. మూడు దొరకలేదు. రెండు చోట్ల రెండేసి నెలలు కలిపి జంట సంచిక వేశారు. అలా చేతిలో ఉన్నవి 139. సంచికకు దాదాపు 120 పుటలు, అట్టలూ ప్రకటనలూ కలిపి మొత్తం 17,000 బొమ్మలకు దగ్గర. స్కానింగ్ 400 డీపీఐలో, రంగుల్లో, కుదించని టిఫ్ ఫైళ్లుగా ముందే పూర్తయింది. రాయల్ 1/8 సైజు పుట ఒక్కొక్కటి సుమారు 2,500 × 4,000 పిక్సెళ్లు, అంటే 30 ఎంబీ. అన్నీ కలిపితే 510 జీబీ.

స్కానింగ్ అయ్యాక ఏం చేయాలన్నదే ఈ డైరీ. తెలుగులో స్కాన్ చేసిన పాత పుస్తకాలకు కరువు లేదు. కావలసిన వ్యాసం అడిగితే ఆ పుట తెరిచి చూపించేలా సర్ది పెట్టినవి మాత్రం చాలా తక్కువ. పనికి ఎంచుకున్నది డిజిటల్ గ్రంథాలయాలు నడిపే సాఫ్ట్‌వేర్ డీస్పేస్ 7.6, వెనక పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్, వెతుకులాటకు సోలర్, 16 జీబీ ర్యామ్ ఉన్న ఒక లినక్స్ యంత్రం. డీస్పేస్‌ను ఎంఐటీ గ్రంథాలయాలు, హెచ్‌పీ ల్యాబ్స్ కలిసి తయారుచేసి 2002లో విడుదల చేశాయి. ఉచితం, కోడ్ బహిరంగం. విశ్వవిద్యాలయాల్లో బాగా వాడుకలో ఉంది కాబట్టి ఇబ్బంది వస్తే అడగడానికి మనుషులు దొరుకుతారు.

1వ వారం: దేన్ని ఒక వస్తువు అనాలి

డీస్పేస్‌లో సర్దుబాటుకు ఐదు మెట్లు. పైన కమ్యూనిటీ, దాని కింద కలెక్షన్, అందులో ఐటెమ్, ఐటెమ్ లోపల బండిల్, బండిల్ లోపల బిట్‌స్ట్రీమ్. మనం మామూలుగా ఫైలు అనేదే బిట్‌స్ట్రీమ్. వెతికితే వచ్చే ఫలితం, వివరాల పట్టిక, ఇతరులు ఉదహరించే శాశ్వత లంకె, ఇవన్నీ ఐటెమ్ చుట్టూనే తిరుగుతాయి. అందుకే దేన్ని ఐటెమ్ చేస్తామన్నదే ఈ పని మొత్తంలో అతి పెద్ద నిర్ణయం. ఎక్కించాక మనసు మార్చుకుంటే లంకెలన్నీ చెదిరిపోతాయి.

బైండు సంపుటాన్ని ఐటెమ్ చేస్తే పని తేలిక, పన్నెండింటితో అయిపోతుంది. కానీ పాఠకుడి చేతికి వచ్చేది 1,400 పుటల ఒక్క పీడీఎఫ్. పైగా బైండు చేయించింది ఏదో ఒక గ్రంథాలయం, పత్రిక కాదు. అవే సంచికలు ఇంకో ఊళ్లో ఆరేసి నెలలకొక బైండుగా ఉండొచ్చు. రేపు అక్కడి నుంచి మనకు లేని సంచిక వస్తే దాన్ని ఎక్కడ ఇరికించాలి?

సంచిక అలా కాదు. అది పత్రికే వేసిన యూనిట్. తేదీ, సంపుటి సంఖ్య, సంచిక సంఖ్య దానికి అచ్చులోనే ఉన్నాయి. అయితే పరిశోధకుడు వెతికేది సంచికను కాదు, వ్యాసాన్ని. ఫలానా శాసనం మీద ఎవరు రాశారు, ఫలానా కవి మొదటి ఖండిక ఎప్పుడొచ్చింది, ఇలా ఉంటాయి ప్రశ్నలు.

చివరికి తేల్చుకున్నది: బొమ్మలన్నీ సంచిక ఐటెమ్‌లో ఉంటాయి. ప్రతి వ్యాసానికీ, కథకూ, పద్యఖండికకూ బొమ్మలు లేని తేలికపాటి ఐటెమ్ ఒకటి వేరుగా ఉంటుంది. అందులో శీర్షిక, రచయిత, పుటల హద్దులు, ఆ రచన టెక్స్ట్ మాత్రమే పెడతాం. వ్యాసం ఐటెమ్‌లో కూడా పుటల బొమ్మలు పెడదామన్న ఆలోచన వచ్చింది, వదిలేశాం. ఆ కాలపు పత్రికల్లో ఒక వ్యాసం ముగిసిన పుటలోనే ఇంకో పద్యం మొదలవుతుంది. ఒకే పుట రెండు చోట్ల ఉంటే, స్కాన్ సరిగా రాలేదని ఒక చోట మార్చినప్పుడు రెండో చోట పాతదే మిగిలిపోతుంది.

వీటిని కలపడానికి డీస్పేస్ 7లో వచ్చిన ఎంటిటీలు సరిగ్గా సరిపోయాయి. పత్రిక, సంపుటి, సంచిక, రచన అనే నాలుగు రకాలూ, వాటి మధ్య సంబంధాలూ అందులో ముందే రాసి ఉన్నాయి. ఎంటిటీలను మొదలుపెట్టే కమాండ్ ఒక్కసారి నడిపితే సంబంధాల పట్టిక డేటాబేస్‌లోకి వస్తుంది. ఏ కలెక్షన్‌లో ఏ రకం ఉంటుందో ఆ కలెక్షన్ తయారుచేసేటప్పుడే ఎంచుకోవాలి.

2వ వారం: చెట్టు

పత్రికకు ఒక కమ్యూనిటీ, దాని కింద పై నాలుగు రకాలకూ నాలుగు కలెక్షన్లు. అంతే.

కవిత్వం, కథ, చరిత్ర, భాష అని విషయాన్ని బట్టి కలెక్షన్లు పెట్టాలని చాలామందికి అనిపిస్తుంది. వద్దు. శాసనాల భాష మీద రాసిన వ్యాసం చరిత్రలో ఉండాలా, భాషలో ఉండాలా అని తేలదు. విషయాన్ని సబ్జెక్టు ఫీల్డులో రాస్తే ఎన్ని మాటలైనా ఇవ్వొచ్చు, పక్కన వడపోత పట్టీలో అవే కనిపిస్తాయి. ఎవరు ఎక్కించొచ్చు, ఏ ఫారం నింపాలి, మొదట ఎవరికి తెరిచి ఉంటుంది, ఈ మూడింటిని నిర్ణయించే గది కలెక్షన్. దానికి అంతకు మించిన బరువు పెట్టకూడదు.

ఈ వారమే చేయాల్సిన ఇంకో పని హ్యాండిల్ (ఐటెమ్ శాశ్వత లంకె) ముందంకె. కొత్తగా పెట్టిన డీస్పేస్‌లో అది 123456789 అని ఉంటుంది. అది అసలు చిరునామా కాదు, నమూనా. మన సొంత ముందంకె నమోదు చేయించుకుని మొదటి ఐటెమ్ ఎక్కకముందే కాన్ఫిగరేషన్‌లో రాయాలి. తర్వాత మార్చే కమాండ్ ఉంది గానీ, అప్పటికే ఎవరో తమ వ్యాసం అడుగున రాసుకున్న లంకెను అది మార్చలేదు.

3వ వారం: ఫైళ్ల పేర్లు, పుటల వరుస

డిస్కు మీద తెలుగు ఫైలు పేర్లు పెట్టలేదు. లినక్స్‌లో మామూలుగా ఫైలు పేరు 255 బైట్లు దాటకూడదు. తెలుగు గుర్తు ఒక్కొక్కటి యూటీఎఫ్-8లో 3 బైట్లు. గుణింతాలు, పొల్లులు విడివిడి గుర్తులే కాబట్టి 85 గుర్తులకే హద్దు వచ్చేస్తుంది. వ్యాసం శీర్షికనే ఫైలు పేరుగా పెడితే కాపీ చేసేటప్పుడు మధ్యలో ఆగిపోతుంది. అందుకని పత్రికకు మూడు రోమన్ అక్షరాల సంకేతం, ఆ తర్వాత ఏడాది, నెల, బొమ్మ వరుస సంఖ్య. ఆ సంకేతం తీసేస్తే 1928-04-0037 లాగా ఉంటుంది. వరుస సంఖ్య నాలుగంకెలు ఉండి తీరాలి. ముందు సున్నాలు లేకపోతే 1 తర్వాత 10, 11 వచ్చి, ఆ తర్వాతే 2 వస్తుంది. చదివేవాడికి సంచిక కలగాపులగంగా కనిపిస్తుంది.

బొమ్మ వరుస సంఖ్య, అచ్చు పుట సంఖ్య ఒకటి కావు. ఈ పత్రికలో పుటల అంకెలు జనవరిలో మొదలై డిసెంబరు దాకా ఆగకుండా నడుస్తాయి. అట్టలకూ ప్రకటనలకూ అంకె లేదు. ముందుమాట లాంటి పుటలకు తెలుగు అంకెలు, లోపలి పుటలకు ఇంగ్లిషు అంకెలు ఉన్న సంచికలూ ఉన్నాయి. అందుకే సంచికకో పట్టిక తయారైంది: మొదటి గడిలో బొమ్మ సంఖ్య, రెండో గడిలో అచ్చులో ఉన్న పుట సంఖ్య ఉన్నదున్నట్టు, మూడో గడిలో అది అట్టా, ప్రకటనా, విషయసూచికా, పాఠమా అన్నది. ఉదహరింపులన్నీ అచ్చు సంఖ్యతోనే ఉంటాయి. కాబట్టి తెర మీద పుట కింద కనిపించాల్సింది రెండో గడి.

ఈ పట్టిక రాస్తున్నప్పుడే బైండింగు తప్పులు బయటపడ్డాయి. అచ్చులో 16 పుటలు ఒక ఫారం. బైండు చేసేవాళ్లు ఒక ఫారాన్ని ముందుకో వెనక్కో కుట్టేస్తే 16 పుటలు ఒక్కసారిగా తారుమారవుతాయి. పుట సంఖ్య 48 తర్వాత 65 వచ్చి, 80 తర్వాత మళ్లీ 49 వస్తే అది చిరిగిపోవడం కాదు, ఫారం తప్పు. ఇలాంటివి నాలుగు చోట్ల దొరికాయి. మాస్టర్ బొమ్మల (స్కాన్ చేసిన అసలు ఫైళ్ల) వరుస బైండులో ఉన్నట్టే ఉంచాం, పాఠకుడికి చూపే వరుస మాత్రం పట్టికలో సరిదిద్దాం. ఏది ఎందుకు మార్చామో ఆ సంచిక వివరాల్లో ఒక వాక్యం రాశాం.

నిజంగా చిరిగిపోయిన పుటల స్థానంలో ‘ఈ పుట దొరకలేదు’ అని రాసిన బూడిదరంగు బొమ్మ పెట్టాం. దీనికి రెండు లాభాలు. ఆ పుట ఇంకెక్కడైనా దొరికితే ఆ ఒక్క బొమ్మ మారిస్తే చాలు, తర్వాతి సంఖ్యలు కదలవు. రెండు పుటలు పక్కపక్కన చూపేటప్పుడు కుడి పుట ఎడమకు, ఎడమ పుట కుడికి పోకుండా కూడా ఉంటుంది.

4, 5 వారాలు: వివరాల పట్టిక

రెండు వారాలు అనుకున్న పని ఇదొక్కటే, రెండు వారాలూ పూర్తిగా పట్టింది. ఇక్కడ తొందరపడితే మిగతాదంతా వృథా.

తేదీలు. పాత పత్రికల మీద ఇంగ్లిషు నెలతో పాటు తెలుగు సంవత్సరం పేరు ఉంటుంది, కొన్నిటి మీద తెలుగు పేరే ఉంటుంది. ప్రభవ నుంచి అక్షయ దాకా 60 పేర్లు తిరిగి తిరిగి వస్తాయి. ఆనంద అంటే 1914-15 కావచ్చు, 1974-75 కావచ్చు. ఉగాది మార్చి ఏప్రిల్‌లలో వస్తుంది కాబట్టి జనవరి, ఫిబ్రవరి నెలలు ముందు ఏడాది ఉగాదికి మొదలైన సంవత్సరంలోనే పడతాయి. భారతి మాసపత్రిక 1924 జనవరిలో మొదలైంది, అది రుధిరోద్గారి. రక్తాక్షి మొదలైంది ఆ ఏడాది ఉగాదికి. 1924 అంటే రక్తాక్షే అని పట్టిక చూసి నింపేస్తే ఏటా మొదటి మూడు సంచికలు తప్పుతాయి. చాంద్రమాన నెలల ప్రకారం వెలువడే పత్రికలకు ఇంకో చిక్కు ఉంది. అధిక మాసం వచ్చిన ఏడాది పదమూడు నెలలవుతాయి, 2023లో అధిక శ్రావణం వచ్చినట్టు. అప్పుడు సంచిక సంఖ్య చూసి నెల ఊహించడం కుదరదు.

కాబట్టి తేదీకి రెండు ఫీల్డులు. డబ్లిన్ కోర్ (వివరాల ఫీల్డులకు అందరూ వాడే ప్రమాణం) ప్రచురణ తేదీలో 1924-01 లాంటి రూపం, యంత్రం వరుస పెట్టుకోవడానికి. మన సొంత స్కీమాలో (ఫీల్డుల జాబితాలో) అచ్చు తేదీ అనే కొత్త ఫీల్డు, ముఖపత్రం మీద ఉన్నది అక్షరం మార్చకుండా. సొంత ఫీల్డులను డబ్లిన్ కోర్‌లో కలపకుండా ‘లోకల్’ అనే వేరే స్కీమాలో చేర్చాలి, లేకపోతే కొత్త వెర్షన్‌కు మారేటప్పుడు గందరగోళం. నెల తెలియనప్పుడు ఊహించి 01 పెట్టవద్దు. ఏడాది ఒక్కటీ రాస్తే డీస్పేస్ దాన్నీ ఒప్పుకుంటుంది.

పేర్లు. వేటూరి ప్రభాకరశాస్త్రి, వేటూరి ప్రభాకర శాస్త్రి, వే. ప్రభాకరశాస్త్రి. మనిషి ఒక్కరే, జాబితాలో ముగ్గురు. ఇంగ్లిషు పద్ధతిలో ఇంటిపేరు, కామా, పేరు అని రాయమనే ఫారాలు మనకు అక్కరలేదు. తెలుగు పేరులో ఇంటిపేరు ముందే ఉంది. కామా పెట్టమంటే కొందరు ‘రామమూర్తి, గిడుగు’ అని తిప్పేస్తారు, దాంతో ఆయన ‘గ’లో కాక ‘ర’లో తేలతారు. మా నియమం: ఇంటిపేరు, ఖాళీ, పేరు. పేరులోని భాగాలు కలిపే. శ్రీ, గారు, బి.ఏ., కళాప్రపూర్ణ లాంటివి తీసేయాలి. అచ్చులో ఉన్న రూపం మాత్రం పోకూడదు, అది వేరే ఫీల్డులో ఉంటుంది. కలం పేర్లకు ప్రసిద్ధమైన రూపాన్నే ప్రధానంగా ఉంచి, అసలు పేరును మారుపేరుగా చేర్చాం. శ్రీశ్రీని శ్రీరంగం శ్రీనివాసరావు కింద పెడితే పాఠకుడికి దొరకడు.

శీర్షికల్లో పాత వర్ణక్రమం. వాఁడు, మఱి, చేసికొను. అరసున్నలూ బండి రలూ తీసేసి ఆధునికం చేయడం సమాచారాన్ని చెరపడమే. అలాగే ఉంచేస్తే ఇప్పటి పాఠకుడు ‘మరి’ అని వెతికి ఖాళీ చేతులతో వెళ్తాడు. శీర్షిక ఫీల్డులో అచ్చు రూపం, ప్రత్యామ్నాయ శీర్షికలో నేటి రూపం. వెతుకులాట రెండింటినీ చూస్తుంది.

యూనికోడ్. దీని సంగతి ముందే తేల్చుకోవాలి, ఎందుకంటే తప్పు కంటికి కనిపించదు. ‘కై’ని కకారం మీద ై అనే ఒకే గుర్తుతో రాయొచ్చు, లేదా ె తర్వాత ౖ అని రెండు గుర్తులతో రాయొచ్చు. తెర మీద రెండూ ఒకటే, యంత్రానికి వేరు. ‘సాఫ్ట్‌వేర్’ లాంటి మాటల్లో పొల్లు విడిగా నిలవడానికి కనిపించని గుర్తు ఒకటి పెడతాం, దాన్నే జీరో విడ్త్ నాన్‌జాయినర్ అంటారు. కొందరు పెడతారు, కొందరు పెట్టరు. రచయితల జాబితా, విషయాల జాబితా అక్షరం అక్షరం పోల్చి తయారయ్యేవి కాబట్టి ఒకే పేరు రెండు వరుసల్లో వస్తుంది, ఎందుకో ఎంత చూసినా అర్థం కాదు. అందుకని పట్టికలన్నీ ఎక్కించే ముందు ఒక చిన్న పైథాన్ స్క్రిప్టు గుండా పోతాయి. అది అన్నిటినీ ఎన్‌ఎఫ్‌సీ అనే ఒకే ప్రామాణిక రూపంలోకి తెస్తుంది (పై రెండు గుర్తులు ఒకటవుతాయి), రెండు ఖాళీలను ఒకటి చేస్తుంది, మాట చివర అక్కర్లేకుండా మిగిలిన కనిపించని గుర్తులను తీసేస్తుంది. పేర్లకూ విషయాలకూ మాత్రం ఒప్పుకున్న రూపాల జాబితా ఒకటి ఉంచుకుని దానితో సరిపోల్చాం, జాబితాలో లేని రూపం వస్తే స్క్రిప్టు ఆగుతుంది.

అకారాది క్రమం కూడా చూసుకోవాలి. యూనికోడ్ వరుసలో ళ అనేది ల, వల మధ్య ఉంది, ఱ అనేది ర పక్కనే ఉంది. మన వర్ణమాల అలవాటులో అవి హ తర్వాత వస్తాయి. అచ్చు నిఘంటువు వరుసకు అలవాటు పడ్డ పాఠకుడు జాబితాలో తికమకపడతాడు. ప్రస్తుతానికి యూనికోడ్ వరుసే ఉంచాం, సరైన వరుస పని జాబితాలో ఉంది.

భాష ఫీల్డుకు ‘టీఈ’ అనే రెండక్షరాల సంకేతం. ముందుగా ఇచ్చే భాషల జాబితాలో తెలుగు ఉండదు, సబ్మిషన్ ఫారం ఫైలులో చేర్చుకోవాలి. ప్రతి మెటాడేటా (వివరాల ఫీల్డు) విలువకూ విడిగా ఒక భాషా ముద్ర ఉంటుంది. కొన్నిటికి ముద్ర లేకుండా, కొన్నిటికి తెలుగు అని, కొన్నిటికి భారతదేశపు తెలుగు అని పెడితే సీఎస్‌వీ పట్టికగా దించినప్పుడు శీర్షికకు మూడు నిలువు వరుసలు వస్తాయి. ఒకదాన్ని దిద్దితే మిగతావి పాతగానే ఉండి, ఐటెమ్‌కు రెండు శీర్షికలు తయారవుతాయి. ఒకే ముద్ర, మొదటి నుంచీ చివరిదాకా.

పట్టికలు దిద్దడానికి లిబ్రె ఆఫీస్ వాడండి. తెరిచేటప్పుడు యూటీఎఫ్-8 అని ఎంచి, అన్ని వరుసలనూ టెక్స్ట్ అని చెప్పాలి. సీఎస్‌వీని ఎక్సెల్‌లో రెండు నొక్కులతో తెరిస్తే తెలుగు చెత్త గుర్తులుగా మారొచ్చు, 1924-08 అన్నది ‘ఆగ-24’ లాంటి తేదీ అయి కూర్చుంటుంది. సేవ్ చేస్తే అదే మిగులుతుంది.

6వ వారం: ఓసీఆర్

ఓసీఆర్ అంటే బొమ్మలోని అచ్చును యంత్రం చదివి టెక్స్ట్ చేయడం. వాడింది టెసరాక్ట్ అనే సాఫ్ట్‌వేర్, తెలుగు నమూనా, ‘బెస్ట్’ రకం. రెండు కాలమ్‌ల పుటలకు పుట విభజన మోడ్ 3, ఒకే కాలమ్‌లో ఉన్న పద్యాలకు 6. ఫలితాన్ని మామూలు టెక్స్ట్‌తో పాటు ఆల్టో ఎక్స్‌ఎంఎల్‌గా కూడా దాచాం. ప్రతి మాట పుట మీద ఎక్కడుందో అందులో ఉంటుంది, రేపు వెతికిన మాటను పుట మీదే రంగు వేసి చూపాలంటే అది కావాలి.

తప్పులు ఎక్కువగా వచ్చినవి: ధ, థ, ద మధ్య, ప, ష, వ మధ్య, చిన్న ఒత్తులన్నిటా. పాత అచ్చులో వలపలగిలక (హల్లు తర్వాత రాసే రేఫ గుర్తు) వాడతారు, ధర్మము అన్నది ‘ధమ౯ము’ లాగా కనిపిస్తుంది. యంత్రం దాన్ని తెలుగు తొమ్మిది అంకెగా చదివేస్తోంది. మాట మధ్యలో హల్లు తర్వాత వచ్చిన ౯ను ముందుకు జరిపి రేఫగా మార్చే నియమం ఒకటి రాశాం, ఒంటరిగా ఉన్న ౯ను ముట్టుకోలేదు. 17,000 పుటలూ చేత్తో దిద్దడం ఈ దశలో కుదరదు. శీర్షికలు, రచయితలు, పుటల హద్దులు మాత్రం మనిషి చూసి టైపు చేసినవే. ఓసీఆర్ టెక్స్ట్ వెతకడానికి ఆసరా, పాఠం కాదు. ఆ మాట ప్రతి ఐటెమ్‌లోనూ రాసి ఉంది.

7వ వారం: ఎక్కించడం

వెబ్ ఫారం ద్వారా ఒక్కొక్కటీ ఎక్కిస్తే ఏళ్లు పడుతుంది. డీస్పేస్‌లో సింపుల్ ఆర్కైవ్ ఫార్మాట్ ఉంది. ఐటెమ్‌కో ఫోల్డరు. అందులో డబ్లిన్ కోర్ వివరాలతో ఒక ఎక్స్‌ఎంఎల్, లోకల్ స్కీమాకు ఇంకో ఎక్స్‌ఎంఎల్, ఎంటిటీ రకం చెప్పే మూడోది, ఏ ఫైలు ఏ బండిల్‌లోకి పోవాలో చెప్పే ‘కంటెంట్స్’ ఫైలు, ఏది దేనికి చెందినదో చెప్పే ‘రిలేషన్‌షిప్స్’ ఫైలు. పట్టికల నుంచి ఇవన్నీ స్క్రిప్టే తయారుచేస్తుంది. చేత్తో ఒక్క అక్షరం కూడా రాయలేదు.

సంబంధాలకు డీస్పేస్ లోపలి గుర్తింపు సంఖ్య కాకుండా మన సొంత గుర్తింపును వాడాం. అది ఐడెంటిఫైయర్ ఫీల్డులో ఉంటుంది. అలా చేస్తే మొత్తం తుడిచేసి మళ్లీ ఎక్కించినా సంబంధాలు అవే నిలబడతాయి. వరుస తప్పకూడదు: ముందు పత్రిక, తర్వాత సంపుటులు, తర్వాత సంచికలు, చివర వ్యాసాలు. తల్లి లేకుండా పిల్ల ఎక్కదు.

ప్రతి విడతలో ఒక ఏడాది, 12 సంచికలు. ముందు పరీక్షగా నడిపే ఆప్షన్‌తో, ఆ తర్వాతే నిజంగా. ఇరుక్కున్న చోట్లు:

కంటెంట్స్ ఫైలులో ఫైలు పేరుకూ బండిల్ పేరుకూ మధ్య ట్యాబ్ ఉండాలి. ఎడిటర్ దాన్ని ఖాళీలుగా మార్చేసింది, మొత్తం వరుసనే ఫైలు పేరనుకుని ‘ఫైలు లేదు’ అంది.

శీర్షికలో ఉన్న ‘&’ గుర్తును ఎక్స్‌ఎంఎల్‌కు తగ్గట్టు మార్చకపోవడం. ఒక్క సంచికతో విడత అంతా ఆగింది.

మ్యాప్‌ఫైలు. ఏ ఫోల్డరు ఏ హ్యాండిల్ అయిందో అందులో ఒక్కో వరుసగా రాస్తుంది. మధ్యలో కరెంటు పోతే దాన్ని చూపించి మిగిలిన చోటు నుంచి కొనసాగించొచ్చు, విడత తప్పని తేలితే దాన్నిచ్చే మొత్తం వెనక్కి తీయొచ్చు. అది లేకపోతే ఒక్కొక్కటీ వెతికి తుడవాలి. విడత పేరుతో, తేదీతో భద్రంగా ఉంచుకోండి.

ఎక్కించాక సోలర్ ఇండెక్స్ తాజా అయిందో లేదో చూడాలి. ఓఏఐ (ఇతర గ్రంథాలయాలు వివరాలు సేకరించుకునే పద్ధతి) ద్వారా ఇతరులకు వివరాలు అందించేవాళ్లు దాని దిగుమతి కమాండ్‌ను రోజూ రాత్రి నడిచేలా పెట్టాలి. లేకపోతే ఐఐటీ ఖరగ్‌పూర్ నడిపే జాతీయ డిజిటల్ గ్రంథాలయం లాంటివి మన వివరాలు సేకరించుకోవడానికి వచ్చినా కొత్త సంచికలు వాటికి కనిపించవు.

8వ వారం: సంచికలో సగమే వెతుకుతోంది

పరీక్షకు ప్రతి సంచికలో మొదటి పుటల నుంచి ఒక మాట, చివరి పుటల నుంచి ఒక మాట తీసుకుని వెతికాం. మొదటివి దొరికాయి, చివరివి ఒక్కటీ దొరకలేదు. ఎర్రర్ లేదు, లాగ్‌లో ఫిర్యాదు లేదు.

కారణం రెండు హద్దులు. ఫైలు నుంచి టెక్స్ట్ తీసే భాగం మొదటి 1,00,000 అక్షరాలతో ఆగిపోతుంది. ఇండెక్స్ చేసే భాగానికీ అదే హద్దు వేరుగా ఉంది. 120 పుటల సంచికలో, పుటకు 1,800 గుర్తుల లెక్కన, 2,16,000 ఉంటాయి. అంటే సగానికి పైగా బయటే. తెలుగులో గుణింతమూ పొల్లూ విడిగా లెక్కలోకి వస్తాయి కాబట్టి ఈ హద్దు మనకు తొందరగా వస్తుంది. రెండు చోట్లా హద్దు 5,00,000కు పెంచి, టెక్స్ట్ తీసే పనిని బలవంతంగా మళ్లీ నడిపి, ఇండెక్స్ మొదటి నుంచి కట్టాం. ఒకచోట పెంచి రెండోచోట మరిచిపోతే ఏమీ మారదు.

ఇక్కడొక జాగ్రత్త. బలవంతంగా నడిపితే టెక్స్ట్ బండిల్‌లో మనం దిద్ది పెట్టిన ఫైళ్ల మీద యంత్రం తీసినవి వచ్చి కూర్చుంటాయి. దిద్దిన టెక్స్ట్ ఉన్న ఐటెమ్‌లను మినహాయింపు జాబితాలో పెట్టాకే నడపాలి.

సోలర్ అడ్మిన్‌లో అనాలిసిస్ అనే తెర ఉంది. ఒక మాట ఇస్తే ఇండెక్స్‌లోకి అది ఏ రూపంలో వెళ్తుందో అంచెలంచెలుగా చూపిస్తుంది. ‘కై’ రెండు రకాలుగా, ‘సాఫ్ట్‌వేర్’ రెండు రకాలుగా, వాఁడు/వాడు, మఱి/మరి ఇచ్చి చూడండి. ఏది కలుస్తోంది, ఏది కలవడం లేదు అన్నది ఊహించనక్కర్లేదు.

9వ వారం: పుట తెరిచి చూపడం

30 ఎంబీ టిఫ్‌ను పాఠకుడికి పంపలేం. ట్రిపుల్ ఐ ఎఫ్ పద్ధతిలో పుట మొత్తం పంపకుండా తెర మీద కనిపించే ముక్కలే పంపుతారు. దానికి కాంటలూప్ అనే బొమ్మల సర్వరు, డీస్పేస్‌తో వచ్చే మిరడార్ వ్యూయరు. మాస్టర్లను లిబ్‌విప్స్ అనే పరికరంతో 256 × 256 ముక్కల పిరమిడ్ టిఫ్‌లుగా (ఒకే ఫైలులో అదే పుట పలు సైజుల్లో), లోపల జేపెగ్ నాణ్యత 85తో మార్చాం. పుటకు సుమారు 3 ఎంబీ, మొత్తం 50 జీబీ. పిరమిడ్ కాకపోతే ప్రతి చిన్న ముక్క కోసం సర్వరు పుటంతా విప్పాలి, ముగ్గురు ఒకేసారి చదివితే యంత్రం ఊపిరాడక నిలిచిపోతుంది.

పుట సంఖ్యల పట్టికలోని రెండో గడి ఇక్కడ ఉపయోగపడింది, ప్రతి బిట్‌స్ట్రీమ్‌కూ లేబుల్ అదే. బొమ్మల కొలతలు నమోదు చేసే కమాండ్ కూడా నడపాలి. అది నడపకపోతే డీస్పేస్ తనకు తోచిన కొలతలు ఇస్తుంది, నిలువు పుటలు అడ్డంగా సాగినట్టు కనిపిస్తాయి.

10వ వారం: హక్కులు

భారత కాపీరైటు చట్టం, 1957 ప్రకారం రచయిత జీవితకాలం, ఆపై 60 ఏళ్లు. ఆ 60 ఏళ్లు మరణించిన మరుసటి జనవరి 1 నుంచి లెక్క. పేరు లేకుండా వచ్చిన రచనలకు ప్రచురణ తర్వాత 60 ఏళ్లు. 1950లో పోయిన వేటూరి ప్రభాకరశాస్త్రి రచనలకు గడువు ఎప్పుడో తీరింది. 1976లో పోయిన విశ్వనాథ సత్యనారాయణ రచనలకు 2036 డిసెంబరు ఆఖరుదాకా ఉంది. పత్రిక పాతది కాబట్టి అంతా తెరవొచ్చు అనుకోవడం తప్పు.

వ్యాసానికో ఐటెమ్ చేసినందుకు ఫలం ఇక్కడ దక్కింది. రచయిత మరణ సంవత్సరం ఒక ఫీల్డు. దాన్నుంచి తెరిచే తేదీ లెక్క వస్తుంది. ఆ వ్యాసం ఉన్న పుటల బిట్‌స్ట్రీమ్‌లను చదివే అనుమతి ఒక గుంపుకే ఇచ్చాం. శీర్షిక, రచయిత, పుట సంఖ్యలు అందరికీ కనిపిస్తాయి. ఒక పుటలో హక్కు తీరినదీ తీరనిదీ కలిసి ఉంటే ఆ పుట మూసే ఉంటుంది. అలాంటి సంచికలకు మొత్తం సంచిక పీడీఎఫ్ పెట్టలేదు. బొమ్మల సర్వరు లాగిన్ కాని పాఠకుడిలాగే వచ్చి అడుగుతుంది కాబట్టి మూసిన పుట వ్యూయర్‌లో ఖాళీగా వస్తుంది. అక్కడ గడువు తేదీ రాసిన బొమ్మ పెట్టాం.

కలెక్షన్‌కు పెట్టే మొదటి అనుమతి ఎక్కేటప్పుడే ఐటెమ్‌కు అంటుతుంది. తర్వాత కలెక్షన్‌లో మార్చినా పాత ఐటెమ్‌లు మారవు. మొదటి రెండు విడతలు ఈ కారణంగా పూర్తిగా తెరిచి ఉన్నాయని ఆలస్యంగా తెలిసింది. మ్యాప్‌ఫైళ్లతో వెనక్కి తీసి మళ్లీ ఎక్కించాం.

11వ వారం: కాపలా

డీస్పేస్ తన ఫైళ్లను పెద్ద అంకెలే పేర్లుగా, మూడు అంతస్తుల ఫోల్డర్లలో దాస్తుంది. ఏది ఏ సంచికో డేటాబేస్‌కే తెలుసు. ఫైళ్ల నకలు మాత్రమే ఉండి డేటాబేస్ నకలు లేకపోతే మిగిలేది పేర్లు లేని బొమ్మల కుప్ప. రెండూ ఒకే రాత్రి, ఒకదాని వెంట ఒకటి తీయాలి.

మాస్టర్ టిఫ్‌లు డీస్పేస్ బయట, సంచికకో బ్యాగిట్ పొట్లంగా ఉన్నాయి. ప్రతి ఫైలుకూ షా-256 సంఖ్య (ఫైలు మారితే ఇదీ మారుతుంది), పక్కనే పుటల పట్టిక, వివరాల ఎక్స్‌ఎంఎల్. రేపు డీస్పేస్ లేకపోయినా ఆ పొట్లం ఒక్కటి విప్పితే అది ఏ సంచికో, ఏ పుట ఎక్కడో తెలియాలి. మూడు ప్రతులు: రెండు వేర్వేరు డిస్కుల మీద, మూడోది వేరే ఊళ్లో. 510 జీబీని మూడింతలు చేస్తే 1.5 టీబీ. లోపలి ఫైళ్లకు డీస్పేస్ చెకర్ వారానికోసారి నడుస్తుంది, మాస్టర్ల సంఖ్యలు మూడు నెలలకోసారి సరిచూడాలి.

ఇప్పటికి ఎక్కినవి, మిగిలినవి

139 సంచికలూ ఎక్కాయి. వ్యాసాల ఐటెమ్‌లు ఐదేళ్లవి పూర్తయ్యాయి, ఏడేళ్లవి మిగిలాయి. ఒక సంచిక వ్యాసాలకు వివరాలు రాయడం, పుటల హద్దులు చూడడం, రచయిత పేరు జాబితాతో పోల్చడం కలిపి ఒక మనిషికి మూడు గంటల పని. మరణ సంవత్సరం దొరకని రచయితల పుటలు మూసే ఉన్నాయి. అకారాది క్రమం, వెతికిన మాటకు పుట మీద రంగు, ఈ రెండూ తర్వాతి విడతలో.

దొరకని మూడు సంచికలకూ ఐటెమ్‌లు చేసి ఉంచాం. సంపుటి సంఖ్య, నెల, ‘ప్రతి కావాలి’ అన్న ఒక గమనిక, అంతే, బొమ్మలు లేవు. అందులో ఒకటి జూన్ సంచిక. దాని ముందరి మే సంచికలో పుట సంఖ్య 592తో ఆగింది, జూలై సంచిక 705తో మొదలైంది. మధ్యలోని 112 పుటలకు పట్టిక సిద్ధంగా ఉంది.